సమాధానం: ట్యూనర్‌లో సరిగ్గానే ఉంది, రికార్డుతో కలపట్లేదు

తమ్ముడూ, రాయగడ నుంచి నువ్వు అడిగింది జాజ్ గిటారిస్టు గాబోర్ స్జాబో ఆల్బమ్ ‘జాజ్ రాగా’ గురించి కదా: గిటారు ట్యూనర్‌లో (శ్రుతి చూపే పరికరంలో) సరిగ్గా చూపిస్తోంది, రికార్డుతో వాయిస్తే ఓపెన్ తీగ (వేలు నొక్కకుండా మీటే తీగ) అపస్వరం పలుకుతోంది అని.

తప్పు నీ గిటారుది కాకపోవచ్చు. అది 1966లో రికార్డు చేసిన ఆల్బమ్. ఎల్‌పీ నుంచి ఎక్కించిన కాపీలు ఒక్కోసారి కాస్త వేగంగానో నెమ్మదిగానో తిరుగుతాయి, శ్రుతి జరుగుతుంది. ట్యూనర్ పక్కన పెట్టి, బేస్ (కింది స్వరాల వాద్యం) ఎక్కువగా ఆగే స్వరాన్ని చెవితో పట్టుకుని, తీగలన్నీ దానికి సర్దుకో.

ఇక ఆ ‘జుంయ్’ మనే నాదం. మన పర్లాకిమిడి వైపు భజనల్లో తంబురా ఎలా మోగుతూనే ఉంటుందో, స్జాబో ఒక ఓపెన్ తీగను అలా మోగనిచ్చి పక్క తీగ మీద పాట నడుపుతాడు. డి తీగను షడ్జమం అనుకో. జి తీగ ఏడో ఫ్రెట్ (మెట్టు) దగ్గర పై షడ్జమం దొరుకుతుంది, అక్కణ్ణుంచి కిందికి దిగు. నాకైతే నెల రోజులు డి తీగ ‘టప్’ మని చచ్చిపోయేది. చూస్తే, వేలి కండ దానికి ఆనుతోంది! వేలు వంచి, కొసతో నిలువుగా నొక్కు.

సితార్ కూడా ఆయనే వాయించాడు, మన చెవులకు అది అంతంతమాత్రమే. దాని గమకాలు గిటారు మీద తీయాలని టెన్షన్ పడకు. ముందు ఆ ఆల్బమ్‌లోని ‘క్యారవాన్’తో మొదలెట్టు.