గూడ్స్ యార్డులో ముందు లారీకి చోటు చూడండి

రైలు మోడళ్ల గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకు జవాబులు. జవాబులిస్తున్నవారు గూడ్స్ గార్డుగా పనిచేసి రిటైరై, ఇప్పుడు తిరుపతిలో ఉంటున్నారు.

ప్రశ్న: మా మిద్దె గదిలో ఎనిమిదడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ప్లైవుడ్ మీద హెచ్.ఓ. సైజులో (అసలులో 87వ వంతు) గూడ్స్ యార్డు వేశాను. ఆరు లైన్లు పట్టాయి. షెడ్డు కట్టాను, వ్యాగన్లు నిలబెట్టాను. చూసినవాళ్లంతా 'బొమ్మ రైలు బాగుంది' అంటున్నారే గానీ, నిజం యార్డులా ఉందని ఒక్కరూ అనడం లేదు. లోపం ఎక్కడుంది సార్? (ఒక పాఠకుడు, కొర్లగుంట, తిరుపతి)

జవాబు: ముందు ఆ ఆరు లైన్లలో మూడు తీసేయండి. మనసొప్పదని తెలుసు, డబ్బు పోసి కొన్న పట్టాలు. అయినా తీసేయండి. మీరు పంపిన ఫొటోలో చెక్క ఈ కొసనుంచి ఆ కొసదాకా పట్టాలే ఉన్నాయి. మరి లారీ ఎక్కడ నిలబడుతుంది? బస్తా ఎత్తుకున్న హమాలీ ఎటు నడుస్తాడు? లోడెత్తుకున్న లారీ ఏ గేటులోంచి రోడ్డెక్కుతుంది? ఈ మూడింటికీ జవాబు కనిపించకపోతే దాన్ని గూడ్స్ యార్డు అనలేం. వ్యాగన్లు పేర్చిన అల్మారా అర అవుతుంది, అంతే.

మన దగ్గర గూడ్స్ షెడ్లలో ఇప్పుడు పని జరిగే తీరు చూడండి. రేక్ (ఒక గూడ్స్ బండికి తగిలించిన వ్యాగన్ల వరస) మొత్తం ఒకే సరుకుతో వస్తుంది: బియ్యమో, ఎరువులో, సిమెంటో. మెయిన్ లైన్ పక్కన ఉండే లూప్ లైన్లోకి తీసుకుంటారు, షెడ్డు లైన్లో పెడతారు, గడువు లోపల దించేస్తారు. గడువు దాటితే డెమరేజ్ అనే జరిమానా పడుతుంది. అందుకే రేక్ పడిందంటే లారీలు వరసకడతాయి. ఈ పనంతటికీ ఒకటో రెండో లైన్లు చాలు, కావలసిందల్లా నేల. పది చక్రాల లారీ పొడవు తొమ్మిది మీటర్లు దాటుతుంది. మీ సైజు 1:87 కదా, ఆ లెక్కన పది సెంటీమీటర్ల పైమాటే. అది రివర్స్‌లో ప్లాట్‌ఫాం దగ్గరికి రావాలి, మళ్లీ తిరిగి బయటపడాలి. కాబట్టి పట్టాలకు చెక్క వెడల్పులో మూడో వంతు ఇచ్చి, మిగతాది ప్లాట్‌ఫాంకీ లారీలకూ వదిలిపెట్టండి. పని మొదలెట్టే ముందు లారీ సైజులో అట్టముక్క కత్తిరించి చెక్క మీద తిప్పి చూసుకోండి. అట్టముక్క తిరగని చోట లారీ తిరగదు.

రేక్ పొడవు దగ్గర చాలామంది దిగాలు పడిపోతారు. బి.సి.ఎన్.హెచ్.ఎల్. అనే కప్పున్న వ్యాగన్లు 58 కలిస్తే పూర్తి రేక్. అది 1:87లో ఏడు మీటర్లు దాటుతుంది, అంటే దాదాపు 24 అడుగులు. ఏ ఇంట్లో పడుతుంది చెప్పండి? మీకు ఎనిమిది వ్యాగన్లు, ఒక బ్రేక్ వ్యాన్ (చివర్న గార్డు కూర్చునే పెట్టె), ఒక ఇంజన్ పడతాయి, అంతే. ఎనిమిదే అని చూసేవాళ్లకు తెలియనివ్వకూడదు. లైను ఒక కొసకు అడ్డంగా రోడ్డు ఓవర్ బ్రిడ్జి కట్టి, ఆఖరి రెండు వ్యాగన్లను దాని కింద సగం దాచేయండి. అవతల ఇంకెన్ని ఉన్నాయో అన్నట్టుంటుంది. ఇంకో వెసులుబాటు కూడా ఉంది. కొన్ని షెడ్లలో ప్లాట్‌ఫాం లైనుకు సగం రేకే పడుతుంది. రేక్‌ను రెండు ముక్కలు చేసి, ఒక సగం దించాక రెండో సగం పెడతారు. మీ యార్డునూ హాఫ్ రేక్ షెడ్డు అనుకోండి. పొట్టిగా ఉండటానికి కారణం దొరుకుతుంది, షంటింగ్ (ఇంజన్‌తో వ్యాగన్లను అటూ ఇటూ జరిపి పెట్టడం) చేసే పనీ దొరుకుతుంది.

ప్లాట్‌ఫాం కొలతలు సరిచూసుకోండి. పట్టా తల మీదనుంచి గూడ్స్ ప్లాట్‌ఫాం ఎత్తు 1065 మిల్లీమీటర్లకు మించకూడదు. మీ సైజులో అది 12 మిల్లీమీటర్లు. ఫొటోలో మీది ఇరవై దాకా ఉన్నట్టుంది, వ్యాగన్ తలుపు సగం గోడ వెనక్కి పోయింది. లైను నడిమధ్య నుంచి ప్లాట్‌ఫాం అంచుకు లెక్క ప్రకారం 19 మిల్లీమీటర్లు పైచిలుకు వస్తుంది. మీరు 21 ఉంచండి. అన్నిటికన్నా వెడల్పైన వ్యాగన్ను తోసి చూశాకే అంచు అతికించండి.

షెడ్డు కప్పుకు రేకులు కొననక్కరలేదు. నిజం జింకు రేకులో వంపుకీ వంపుకీ ఎడం సుమారు 75 మిల్లీమీటర్లు, మీకు 0.86 అవుతుంది. హార్డ్‌వేర్ షాపులో ఎం5 మరరాడ్డు ముక్క అడగండి, దాని మరల మధ్య ఎడం 0.8. మెత్తటి రబ్బరు షీటు మీద అల్యూమినియం ఫాయిల్ పరిచి, ఆ రాడ్డును గట్టిగా అదిమి దొర్లిస్తే చారలు తీరుగా పడతాయి. రేకు సైజులో ముక్కలు కత్తిరించి, ఒకదాని అంచు మీద ఇంకోటి ఎక్కేలా అతికించండి. ఒకే పెద్ద ముక్క వేస్తే అట్టపెట్టె మూతలా కనిపిస్తుంది.

ఇక ఎన్నో ఏళ్లు బ్రేక్ వ్యాన్లో కూర్చున్నవాణ్ణి గనక నా కళ్లు ముందుగా వెతికేవి చెబుతాను. రెండు లైన్లు కలిసేచోట మధ్యలో తెల్లగా ఫౌలింగ్ మార్క్ ఉండాలి, ఏ వ్యాగన్ కూడా దాన్ని దాటి నిలబడకూడదు. సైడింగ్ (పక్క లైను) నోటి దగ్గర డిరెయిలింగ్ స్విచ్ ఉండాలి, లోపలి వ్యాగన్ దొర్లుకుంటూ వస్తే మెయిన్ లైన్ మీదికి పోకుండా అక్కడే దింపేస్తుంది. ఇంజన్ లేకుండా నిలబెట్టిన వ్యాగన్ల చక్రాల కింద చెక్క ఆపులు పెట్టాలి. 2024 ఫిబ్రవరి 25న జమ్మూ కశ్మీర్‌లోని కఠువాలో నిలబెట్టిన గూడ్స్ బండి డ్రైవర్ లేకుండానే కదిలి పంజాబ్‌లోకి దాదాపు 70 కిలోమీటర్లు దొర్లుకుంటూ పోయింది. ఆ వార్త విన్న రోజు నాకు అన్నం సయించలేదు. మీ యార్డులో ఆ ఆపు అగ్గిపుల్ల చీలికంత ఉంటుంది. అయినా పెట్టండి. రైల్వేలో పనిచేసినవాడు మీ లేఔట్ చూడ్డానికి వస్తే ముందు దానికేసే చూస్తాడు.

ప్రశ్న: మా అబ్బాయి లేఔట్ చేస్తున్నాడు. నేల కోసం అమ్మే రంగు పొడులు చాలా ఖరీదుగా ఉన్నాయి. మన మట్టే వాడితే పాడవుతుందా? (ఒక పాఠకురాలు, గ్రీమ్స్‌పేట, చిత్తూరు)

జవాబు: మన మట్టే వాడండమ్మా, అంతకన్నా మంచిది లేదు. కాకపోతే దాన్ని తయారు చేసుకోవాలి. ఎర్రమట్టిని ఎండబెట్టి, పాత బాణలిలో సన్నసెగ మీద వేయించండి, పురుగూ గుడ్డూ ఉంటే చస్తాయి. చల్లారాక జల్లెడ పట్టి, ఆ తర్వాత టీ వడకట్టే జాలిలో, చివరికి పల్చటి నైలాన్ గుడ్డలో జల్లించండి. ఆ పైన ఒక పని తప్పకుండా చేయాలి. అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఆ మట్టిలో అటూ ఇటూ తిప్పండి. నల్లటి నూగులా అంటుకుంటుంది, అది ఇనుము రజను. దాన్ని తీసేయకపోతే ఇంజన్ మోటారులోని అయస్కాంతం పీల్చుకుంటుంది, మోటారు పాడవుతుంది. ఏమీ అంటనంత వరకూ తిప్పుతూనే ఉండండి.

కంకరకు గ్రానైట్ కోసే చోట దొరికే రాతిపొడి తెచ్చుకోండి, చిత్తూరులో దానికి కొదవేమీ లేదు. పట్టాల కింద వేసే నిజం కంకర 65 మిల్లీమీటర్ల సైజు, 1:87లో ముప్పావు మిల్లీమీటరు. అంతకన్నా లావు గింజ కనబడితే ఏరేయండి. పొడిగా పరిచి, కుంచెతో సర్ది, ముందు మామూలు నీళ్లు సన్నగా స్ప్రే చేయండి. తర్వాత ఫెవికాల్‌లో అంతే నీళ్లు, ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి డ్రాపర్‌తో వదలండి. ఆ చుక్క లేకపోతే జిగురు పైనే ముత్యాల్లా నిలబడి కంకరను లాగేస్తుంది. ఆరాక మట్టి రంగు ముదురుతుంది కాబట్టి ముందే కొద్దిగా సుద్దపొడి కలిపి, అట్ట మీద ఆరబెట్టి చూసుకోండి.

మెయిన్ లైన్లో కంకర గుట్టగా, శుభ్రంగా ఉంటుంది. షెడ్డు లైన్లో అలా ఉండదు. మట్టి, ఒలికిన సరుకు, బస్తాల పీచు, ఏళ్ల తరబడి తొక్కిన దుమ్ము కలిసి స్లీపర్లు మునిగేదాకా నిండిపోతాయి. అబ్బాయి చేత అలాగే నింపించండి. దీంతో ఇంకో లాభం ఉంది. మన బ్రాడ్ గేజ్ 1676 మిల్లీమీటర్లు, 1:87లో 19 దాటాలి. బజారులో దొరికే హెచ్.ఓ. పట్టా 16.5 మాత్రమే. స్లీపర్లు కనబడితే ఆ ఇరుకు కొట్టొచ్చినట్టు తెలుస్తుంది, మట్టిలో మునిగితే కన్ను పట్టించుకోదు. పట్టా లోపలి అంచు వెంట మాత్రం చక్రం లోపలి గట్టు (ఫ్లాంజ్) నడిచేంత సందు ఉంచాలి. జిగురు ఆరకముందే ఒక వ్యాగన్ను రెండు మూడుసార్లు తోయించండి.

సరుకును బట్టి నేల మారుతుంది. సిమెంటు దిగేచోట ప్లాట్‌ఫాం, వ్యాగన్ తలుపు, లారీ వెనకభాగం అన్నీ ఒకే బూడిద పొరలో ఉంటాయి. బియ్యం దిగేచోట తలుపు కింద తెల్లటి గింజల చార, దాని మీద పావురాలు. తలుపు గొళ్లానికి తెంపిన సీలు తీగ వేలాడుతుంటుంది. వ్యాగన్ పక్కన సుద్దతో గీసిన లెక్కలు ఉంటాయి. టార్పాలిన్‌కు టిష్యూ పేపరు నీళ్ల ఫెవికాల్‌లో ముంచి బస్తాల గుట్ట మీద పరిస్తే ముడతలు వాటంతటవే పడతాయి. బస్తాలు ఎం-సీల్‌తో చేయండి, ఒక్కోటి సెంటీమీటరు పొడవు. అన్నీ ఒకే అచ్చులో తీయకండి. ఒకటి నడుము వంగి ఉండాలి, ఒకటి మూతి పిగిలి ఉండాలి.

ప్రశ్న: నేను పాకాలలో ఇంటర్ చదువుతున్నాను. మా జంక్షన్ మీటర్ గేజ్ రోజుల్లో ఎలా ఉండేదో తాతయ్య చెబుతుంటాడు. చోటు నాలుగడుగులే ఉంది, అందులో ఆ కాలం గూడ్స్ యార్డు చేయగలనా?

జవాబు: భేషుగ్గా చేయగలవు నాయనా. నిజానికి చిన్న చోటుకు ఆ కాలమే బాగా కుదురుతుంది. అప్పట్లో ఇప్పటిలా రేక్ మొత్తం ఒకే సరుకు అనే పద్ధతి లేదు, విడి వ్యాగన్లు వచ్చేవి. ఒక్కో వ్యాగన్ ఒక్కో ఊరికి, ఒక్కో వ్యాపారికి. వాటిని విడదీసి, వరస మార్చి, షెడ్డు దగ్గర పెట్టే షంటింగ్ పనే యార్డుకు ప్రాణం. మీటర్ గేజ్ వెయ్యి మిల్లీమీటర్లు గనక 1:87లో 12 మిల్లీమీటర్ల పట్టా దాదాపు సరిపోతుంది. టీ.టీ. అనే ఇంకా చిన్న మోడల్ సైజు పట్టా గేజ్ కూడా అదే, కాకపోతే స్లీపర్లు మరీ దగ్గరగా ఉంటాయి. నాలుగు చక్రాల పొట్టి వ్యాగన్లు, ఒక వై.జీ. ఆవిరి ఇంజనో, వై.డీ.ఎం.4 డీజిలో పెట్టుకో.

ప్లాన్ కోసం ఇంగ్లండ్‌లో అలన్ రైట్ వేసిన ఇంగ్లెనుక్ సైడింగ్స్ పద్ధతి తీసుకో. మూడు లైన్లు, రెండు పాయింట్లు (ఒక లైను రెండుగా చీలే చోట్లు). ఒక లైన్లో ఐదు వ్యాగన్లు, మిగతా రెండింట్లో మూడేసి పట్టాలి. షంటింగ్ నెక్‌లో (వ్యాగన్లను ముందుకూ వెనక్కూ లాగడానికి వదిలే లైను ముక్కలో) ఇంజన్, మూడు వ్యాగన్లు పట్టాలి. ఎనిమిది వ్యాగన్లకూ చీటీలు రాసి, ఐదు తీసి, వచ్చిన వరసలోనే వాటిని పెద్ద లైన్లో నిలబెట్టాలి. అలాంటి వరసలు 6,720 ఉన్నాయి, విసుగు పుట్టే మాటే లేదు. చీటీల మీద అంకెలు వద్దు. చిత్తూరు బెల్లం, ధర్మవరం, కాట్పాడి అని రాసుకో. ఏ వ్యాగన్లో ఏం వచ్చేదో తాతయ్యను అడిగి ఇప్పుడే ఒక నోటుబుక్కులో ఎక్కించు. ఆ సంగతి నాకన్నా ఆయనకే బాగా తెలుసు.

ప్రశ్న: పాయింట్ల మీద నా వ్యాగన్లు తరచూ పడిపోతున్నాయి. చిన్న రేడియస్ పాయింట్లు వాడితే చోటు కలిసొస్తుందని వాడాను. (శ్రీకాళహస్తి)

జవాబు: మార్చండి. గూడ్స్ లైన్లలో మన రైల్వే వాడేది 1 ఇన్ 8.5 పాయింటు, అంటే ఎనిమిదిన్నర వంతులు ముందుకు పోతే ఒక వంతు పక్కకు జరిగేది. బజారులో దొరికే పీకో కంపెనీ స్ట్రీమ్‌లైన్ కోడ్ 100 పాయింట్ల కోణం 12 డిగ్రీలు, అంటే సుమారు 1 ఇన్ 4.7, అసలే ఒంపు ఎక్కువైన మలుపు. అందులోనూ 24 అంగుళాల రేడియస్‌ది పొడుగు బోగీ వ్యాగన్లకు పనికిరాదు. కనీసం 36 అంగుళాలది వేయండి. చెక్క మట్టంగా ఉందో లేదో కూడా చూసుకోండి. నిజం యార్డుల్లోనే 400కు 1 కన్నా ఎక్కువ వాలు ఒప్పుకోరు.

ప్రశ్న: మా నాన్న పాల ట్యాంకర్ లారీ నడిపేవారు. రేణిగుంట నుంచి ఢిల్లీకి పాలు వెళ్లే రైలును ఆయన కోసం చేయాలని ఉంది. దానికి గూడ్స్ యార్డు ఎలా ఉండాలి? (ఒక పాఠకురాలు, రేణిగుంట)

జవాబు: మీ ఉత్తరం చదివి చాలా సంతోషపడ్డానమ్మా. మన జిల్లాలో మోడల్ చేయాల్సిన రైలంటూ ఉంటే అదే. మామూలు రోజుల్లో ఆ పాల ట్యాంకర్లను వారానికోసారి నడిచే సూపర్‌ఫాస్ట్ బండ్లకు తగిలించి పంపేవారు. లాక్‌డౌన్‌లో బండ్లన్నీ ఆగిపోతే, 2020 మార్చి 26 నుంచి దూద్ దురంతో పేరుతో రేణిగుంట నుంచి ఢిల్లీలోని హజ్రత్ నిజాముద్దీన్‌కు ప్రత్యేకంగా నడిపారు. ఒక్కో రైలు ట్యాంకర్లో 40,000 లీటర్లు పడతాయి.

మీకు షెడ్డు అక్కర్లేదు, ఎత్తు ప్లాట్‌ఫాం అక్కర్లేదు. ఒక లైను, దాని పక్కనే లారీ ట్యాంకర్లు వరసగా ఆగే గట్టి నేల, పైపులు, పంపు చాలు. బియ్యం యార్డులా దుమ్ము కొట్టించకండి, పాలు ఎక్కించే చోటు కడిగినట్టుండాలి. నేల మీద అక్కడక్కడా వార్నిష్ పూస్తే తడి కనిపిస్తుంది. పైపులకు సన్నటి కరెంటు తీగ వాడండి, లోపల రాగి ఉంటుంది గనక వంచిన చోట వంగి నిలుస్తుంది. వెనక తెరమీద కొండలు ఎర్రరాతి అంచుతో, పైన బల్లపరుపుగా ఉండాలి, రంగు మాత్రం లేతగా వేయండి. స్టేషన్ లోపల ఫొటోలు తీయాలంటే అనుమతి సంగతి ముందే స్టేషన్ మాస్టర్‌ను కలిసి అడగండి. వెళ్లేటప్పుడు నాన్నగారిని వెంట తీసుకెళ్లండి. లారీ ఏ పక్కకు ఆపేవారో, పైపు ఎటునుంచి తగిలించేవారో ఆయన చూపిస్తారు. చెక్క మీద లైను వేసేది ఆ తర్వాతే.