సుడోకు తర్వాత, ముందు బీపీ సరిగ్గా కొలవండి

"నలభై ఏడేళ్లు. పేర్లు టక్కున గుర్తు రావడం లేదు. రోజూ సుడోకు చేస్తే డెబ్బైల్లో మతిమరుపు రాకుండా ఉంటుందా?" అన్నది మీ ప్రశ్న. సుడోకు చేస్తే సుడోకు బాగా వస్తుంది, అంతే. పేరు నోటిదాకా వచ్చి ఆగిపోయి, కాసేపటికి దానంతటదే గుర్తొస్తుంటే దానికి కంగారు అక్కర్లేదు. మరీ ఎక్కువైతే బీ12, థైరాయిడ్ చూపించుకోండి. జ్ఞాపకశక్తి పెరుగుతుందని అమ్మే జింకో బిళ్లల మీద మాత్రం డబ్బు తగలెయ్యకండి. మూడు వేల మందికి పైగా వృద్ధుల మీద ఏళ్ల తరబడి పరీక్షించి, డిమెన్షియాను (ముదిరే మతిమరుపు జబ్బును) ఆపడం లేదని 2008లోనే తేల్చారు.

మీ వయసులో పట్టించుకోవాల్సింది బీపీ. మెదడు లోపలి పొరలకు రక్తం వెళ్లేది వెంట్రుకంత సన్నని నాళాల్లోంచి. ఏళ్ల తరబడి ఒత్తిడి ఎక్కువగా ఉంటే వాటి గోడలు మందమై, దారి ఇరుకవుతుంది. స్కాన్‌లో తెల్లమచ్చలుగా కనిపించేది చాలావరకు ఆ నష్టమే. దాంతో ముందు దెబ్బతినేది పేర్లు కాదు, ఆలోచనలో చురుకు, రెండు పనులు ఒకేసారి నడిపే నేర్పు. ఇంకో తిరకాసు ఉంది. డిమెన్షియా బయటపడే ముందు కొన్నేళ్లలో బీపీ, బరువు వాటంతటవే తగ్గుతూ వస్తాయి. అందుకే "ఆయనకు బీపీ లేదే, ఎలా వచ్చింది?" అంటుంటారు. డెబ్బై అయిదులో కొలిచింది కాదు, యాభైలో ఎంత ఉండేదో అడగాలి.

లండన్ ప్రభుత్వోద్యోగులను దశాబ్దాలుగా గమనిస్తున్న వైట్‌హాల్ అధ్యయనంలో, యాభై ఏళ్ల వయసులో బీపీ పై అంకె 130 గానీ అంతకు మించి గానీ ఉన్నవాళ్లకు తర్వాత డిమెన్షియా ఎక్కువగా వచ్చింది. అమెరికాలో స్ప్రింట్ మైండ్ అనే ట్రయల్ (2019) పై అంకెను 140 కాకుండా 120 లోపుకు దించి చూసింది. తేలికపాటి జ్ఞాపక లోపం 19 శాతం తగ్గింది. డిమెన్షియా కూడా కొంత తగ్గినట్టు కనిపించినా గట్టిగా రుజువు కాలేదు, ట్రయల్ మధ్యలో ఆగిపోయింది కదా. అలాగని 120 కోసం మాత్రల డోసు మీరే పెంచుకోకండి.

ఇక కొలవడం. చాలా ఇళ్లలో తప్పు జరిగేది ఇక్కడే. మణికట్టు మెషిన్ వద్దు, భుజానికి చుట్టేదే కొనండి. కొనేముందు మోచేతికీ భుజానికీ మధ్య చేతి చుట్టుకొలత టేపుతో చూసి, దానికి సరిపడే పట్టీ తీసుకోండి. లావు చేతికి చిన్న పట్టీ చుడితే లేని బీపీ కూడా చూపిస్తుంది. కొలిచే ముందు అరగంట కాఫీ, పొగ, వ్యాయామం వద్దు. మూత్రానికి వెళ్లొచ్చి, వీపు ఆనించి, పాదాలు నేలకు ఆన్చి, కాళ్లు ఒకదాని మీద ఒకటి వేయకుండా అయిదు నిమిషాలు ఊరికే కూర్చోండి. పట్టీని చొక్కా చేతి మీదుగా చుట్టకండి. పట్టీ మోచేతి మడతకు రెండు వేళ్ల పైన, చెయ్యి బల్ల మీద గుండె ఎత్తులో ఉండాలి. చెయ్యి కిందికి వేలాడినా, మధ్యలో మాట్లాడినా అంకె పది దాకా పెరగొచ్చు. ఫోన్ ఎత్తి "ఆ, చెప్పు" అంటూ కొలుచుకునేవాళ్లకు ఏ మెషిన్ అయినా తప్పే చూపిస్తుంది.

ఉదయం మాత్రకు ముందు రెండుసార్లు, నిమిషం తేడాతో. సాయంత్రం మళ్లీ రెండుసార్లు. ఏడు రోజులు. మొదటి రోజువి కొట్టేసి మిగతావాటికి సగటు తీయండి. 135/85 గానీ అంతకు మించి గానీ వస్తే ఆ కాగితం పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఆస్పత్రిలో మామూలుగా ఉండి ఇంట్లో మాత్రమే ఎక్కువుండే బీపీ కూడా ఉంటుంది, ఈ కాగితం లేకపోతే అది దొరకదు.

పనిలో పనిగా చెడు కొలెస్ట్రాల్, వినికిడి కూడా చూపించుకోండి. వైద్య పత్రిక లాన్సెట్ కమిషన్ 2024 నివేదికలో డిమెన్షియాకు మార్చుకోగల 14 కారణాల్లో, విడివిడిగా చూస్తే అన్నిటికంటే పెద్ద వాటాలు ఈ రెండింటివే. టీవీ సౌండు పెంచమని ఇంట్లో మీరొక్కరే అంటుంటే వినికిడి పరీక్షకే ముందు వెళ్లండి.