టోల్‌ఫ్రీ నంబరుకు అధిక బిల్లు వేస్తే ఎక్కడ అడగాలి?

ప్రశ్న: తిరుపతిలో ఇద్దరు పనివాళ్లతో ట్రావెల్స్ నడుపుతున్నాను. యాత్రికుల బుకింగుల కోసం 1800తో మొదలయ్యే టోల్‌ఫ్రీ నంబరు తీసుకున్నాను. నిమిషానికి 90 పైసలని చెప్పి, 2024 అక్టోబరు నెలకు 16,100 నిమిషాలకు 38,640 రూపాయల బిల్లు పంపారు. నాన్నగారి ఆపరేషనుకు దాచిన డబ్బు తీసి నవంబరు 20న కట్టాను. టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కి నాలుగు ఉత్తరాలు రాసినా ఫలితం లేదు. వేరే కంపెనీ సగం ధరకే ఇస్తోందట. నంబరు ఇంటికోసం తీసుకున్నామని వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయమని మా బావమరిది అంటున్నాడు. మొత్తం డబ్బు తిరిగి వస్తుందా?

జవాబు: మీ మూడు పేజీల ఉత్తరంలో కేసును తేల్చే వాక్యం ఒక్కటే ఉంది: దరఖాస్తుతో ఇచ్చిన ధరల పట్టికలో ల్యాండ్‌లైన్ కాల్‌కు 90 పైసలని రాసి, మొబైల్ కాల్ గడిని ఖాళీగా వదిలేశారు. బ్రహ్మోత్సవాలకు చెన్నై, బెంగళూరు నుంచి ఫోన్ చేసేవారిలో ల్యాండ్‌లైన్ వాడేవారు ఎందరు? బిల్లు మూడో వరుసలో మొబైల్ కాల్స్‌కు నిమిషానికి 2.40 రూపాయలు వేశారు. తగాదా ఆ ఖాళీ గడి మీదనే. టోల్‌ఫ్రీలో పిలిచినవారి ఖర్చును నంబరుదారు భరిస్తాడు కాబట్టి, బిల్లు రావడమే అన్యాయమన్న వాదన నిలవదు. 90 పైసల లెక్కన 14,490 రూపాయలు మీరు కట్టవలసినదే. అడగగలిగింది మిగిలిన 24,150 మాత్రమే.

వేరే కంపెనీ సగం ధరకు ఇస్తోందన్నది కూడా కోర్టులో పనికిరాదు. దేశంలోని దూరప్రాంత కాల్స్‌లోకి 2000లో ప్రైవేటు కంపెనీలను అనుమతించారు, 2002లో అంతర్జాతీయ కాల్స్‌పై విదేశ్ సంచార్ నిగమ్ అనే కంపెనీ గుత్తాధిపత్యం ముగిసింది, 2006 మార్చిలో బీఎస్ఎన్ఎల్ దేశమంతటికీ నిమిషానికి రూపాయి ధర తెచ్చింది. ఈ పోటీ పెరిగిన కొద్దీ ట్రాయ్ చాలా సేవల ధరలను తాను నిర్ణయించకుండా కంపెనీలకే వదిలేసింది. అందువల్ల ధర ఎక్కువన్నది తప్పు కాదు, చెప్పని ధర వసూలు చేయడమే తప్పు. ట్రాయ్ వ్యక్తుల ఫిర్యాదులను విచారించే సంస్థ కూడా కాదు; మీ నాలుగు ఉత్తరాల వల్ల దావా వేసే గడువు ఒక్క రోజు కూడా పెరగలేదు.

టెలికం సేవలపై వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో తేల్చింది. కాని మీకున్న చిక్కు వేరు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(7) ప్రకారం వాణిజ్య అవసరానికి సేవ పొందినవాడు వినియోగదారుడు కాడు. స్వయం ఉపాధికి ఇచ్చిన మినహాయింపులో కూడా సరుకుల మాటే ఉంది, సేవల మాట లేదు. దీన్ని దాటడానికి మీ బావమరిది చెప్పిన దారి పట్టారా, డబ్బు మాట దేవుడెరుగు, మీరే ముద్దాయి అవుతారు. దరఖాస్తు మీద మీ ట్రావెల్స్ రబ్బరు స్టాంపు, జీఎస్టీ నంబరు ఉన్నాయని మీరే రాశారు. ప్రమాణపత్రంలో అబద్ధం రాస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 229 కింద ఏడేళ్ల వరకు శిక్ష పడవచ్చు. ఆ ఆలోచన ఇక్కడితో వదిలేయండి.

తిరుపతి సివిల్ కోర్టులో డబ్బు రాబట్టుకునే దావా వేయడమే మీకు సరైన దారి. డబ్బు కట్టిన నాటి నుంచి మూడేళ్లు, అంటే 2027 నవంబరు 20 వరకు గడువుంది. కమిషన్‌లో అయితే రెండేళ్లే. అయితే గడువు కంటే ముందు సాక్ష్యం పోతుంది: కాల్ రికార్డులను కంపెనీలు కనీసం రెండేళ్లు భద్రపరచాలన్నదే లైసెన్సు షరతు. ఆపైన అవి ఉంటాయన్న హామీ లేదు. ఏ కాల్ మొబైల్‌ది, ఏది ల్యాండ్‌లైన్‌ది అన్న రుజువు అందులోనే ఉంది. సంతకం చేసిన దరఖాస్తు నకలు ఏజెంటు దగ్గరే వదిలేయడం, నిరసన మాట ఒక్కటి కూడా రాయకుండా మొత్తం కట్టేయడం వ్యాపారం చేసేవారు చేయదగిన పనులు కావు.

ఈ వారంలోనే న్యాయవాది ద్వారా, అందినట్టు రుజువు వచ్చే స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. అందులో దరఖాస్తు నకలు, ఆ నెల కాల్ వివరాలు, 24,150 రూపాయలు అడిగి, వ్యాజ్యం తేలేదాకా రికార్డులను చెరిపివేయవద్దని స్పష్టంగా రాయించండి. మీ దగ్గర మిగిలిన మెయిళ్లను, వాట్సాప్ సందేశాలను చెరపకుండా అదే ఫోనులో ఉంచండి. వాటి ప్రింట్లు దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63(4) కింద ధ్రువపత్రం జతచేయాలి. ధరల పట్టిక అసలు కాగితాన్ని మాత్రం నోటీసుతో పంపకండి, జిరాక్సు పంపితే చాలు.