చిరుత దూకాడా, దూకిందా?

సందేహం: నేనొక చారిత్రక నవల రాస్తున్నాను. ఆరవీటి రాజులు చంద్రగిరి నుంచి ఏలుతున్న కాలం. రెండు పాళెగాళ్ల కుటుంబాలు పగ మానుకోవడానికి ఒక ఇంటి కొడుక్కి ఇంకో ఇంటి కొడుకును ఇచ్చి పెండ్లి చేస్తాయి. మొదట ఇద్దరికీ ఇష్టం ఉండదు. మెల్లగా మనసులు కలుస్తాయి. వాళ్ళలో ఒకడు రాత్రిపూట చిరుతపులిగా మారతాడు. ఇంగ్లీషు నవలల్లో ఇలాంటివాళ్ళను షిఫ్టర్ అంటారు. స్నేహితులు 'ఇచ్ఛాధారి చిరుత' అనమంటున్నారు. తెలుగులో ఏమనాలి? ఇద్దరూ మగవాళ్ళే కదా, 'ఇచ్చి పెండ్లి చేశారు' అనొచ్చా? వాళ్ళను దంపతులు అనొచ్చా? చిరుతగా ఉన్నప్పుడు 'అతను' అనాలా, 'అది' అనాలా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

సమాధానం: షిఫ్టర్‌కు కొత్త మాట పుట్టించే పనిలేదు. కామరూపి ఉంది. కోరుకున్న రూపం తీసుకోగలవాడు అని అర్థం. రామాయణంలో రాక్షసులూ కామరూపులే, హనుమంతుడూ కామరూపే. కాళిదాసు మేఘదూతంలో మబ్బుకు కూడా ఆ మాటే వాడాడు. ఇవాళ్టి పాఠకుడికి 'కామ' అనగానే వేరే అర్థం తడుతుంది, ప్రేమకథలో మరీనూ. మొదట్లోనే ఏ అవ్వ నోటితోనో అర్థం చెప్పించేయండి. ఇంకొకటి చూసుకోండి. మీ నాయకుడు తన ఇష్టంతో మారుతున్నాడా, చీకటి పడితే ఆపుకోలేక మారుతున్నాడా? ఆపుకోలేకపోతే అతను కామరూపి కాడు, శాపం తగిలినవాడు. 'ఇచ్ఛాధారి' మాత్రం వద్దు. అది మనకు హిందీ నాగిని కథల వెంట వచ్చింది, చంద్రగిరి కోటలో ఆ మాట వినిపిస్తే టీవీ పెట్టినట్టుంటుంది.

మారువేషం కూడా సరిపోదు. తిరుపతి గంగ జాతరలో బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం వేస్తారు. మగవాళ్ళు చీర కట్టి, జడ వేసుకుని మొక్కు తీర్చుకుంటారు. వేషం సాయంత్రానికి కడుక్కుంటే పోతుంది. మీవాడికి మారేది ఒళ్ళు. కాబట్టి 'రూపు మారాడు', 'చిరుత రూపమెత్తాడు' అనండి. పరకాయప్రవేశం అసలు కాదు, అది ఇంకొకరి ఒంట్లో దూరడం.

ఇక పెండ్లి. మన వ్యవహారంలో కూతుర్ని ఇస్తారు, కొడుక్కి చేసుకుంటారు. 'మీ పాపను యాడిచ్చినారు?' అని అడుగుతారు గానీ 'మీవాణ్ణి యాడిచ్చినారు?' అని అడిగేవాళ్ళను నేను చూడలేదు. కొడుకును ఇచ్చారంటే దత్తతకు అనుకుంటారు. అందుకే మీ వాక్యం చదవగానే క్షణం తడబడతాం. అలాగని దారి లేకపోలేదు. మగపిల్లవాడు పెండ్లి పేరుతో ఇల్లు మారడానికి మన సీమలో పాత మాట ఒకటుంది: ఇల్లటం. కోస్తాలో ఇల్లరికం అంటారు. మద్రాసు ప్రెసిడెన్సీ నాటి కోర్టు తీర్పుల్లోకి కూడా 'ఇల్లటం అల్లుడు' ఆ పేరుతోనే ఎక్కాడు. మామ ఇంటి సేద్యం చూసుకుంటాడు, కొడుకులా ఆస్తిలో భాగం పొందుతాడు. అక్కడ కూతురు ఉంటుంది, మీ కథలో లేదు, నిజమే. కానీ మాట మొదట్లో ఉన్నది ఇల్లు, ఆడపిల్ల కాదు. 'పెద్దవాణ్ణి పై పాళెం వాళ్ళింటికి ఇల్లటం పంపినారు' అని రాసి చూడండి, ఎక్కడా తట్టుకోదు.

ఆ మాట బరువు కూడా మీకు పనికొస్తుంది. నా చిన్నప్పుడు మా వీధిలో ఇల్లటం వచ్చినాయన ఒకాయన ఉండేవాడు. వచ్చి ముప్పై ఏళ్ళయినా ఎవరూ పేరు పెట్టి పిలవలేదు, 'ఇల్లటమాయన' అనే అనేవాళ్ళు. మా అవ్వ మజ్జిగ పోసేటప్పుడు కూడా 'ఏం ఇల్లటమాయనా, ఇంకొంచెం పోద్దునా?' అనేది. ప్రేమగానే అనేది. ఆయన చెంబు చూస్తూ తలూపేవాడు. మీ నాయకుడు కొత్త ఇంట్లో మొదటి పూట అన్నం ముందు కూర్చున్నప్పుడు ఆయన గుర్తొస్తాడేమో చూడండి.

'పెండ్లి' అనే మాటలోనే ఆడమనిషి ఉంది. పెంటి, పెండ్లాము, తమిళ 'పెణ్' అన్నీ ఒక చెట్టు కొమ్మలే. అయినా వాడుకలో అరిగిపోయి ఆ సంగతి ఎవరికీ గుర్తు లేదు కాబట్టి పెండ్లి అనే రాయండి. ఎక్కడైనా మాట మార్చాలనుకుంటే 'మనువు' ఉంది. మను అంటే బతుకు, మనుగడలో ఉన్నదీ అదే. 'మనువాడినాడు' ఎవరికైనా సరిపోతుంది. కల్యాణం మీ నవలలో తగ్గించండి, తిరుపతి దరిదాపుల్లో కల్యాణమంటే ముందు స్వామిదే.

దంపతులు నిరభ్యంతరంగా అనొచ్చు. 'జాయాపతులు'లోని జాయ, అంటే భార్య, 'దం'గా మారిందని పాత వ్యాకర్తలన్నారు. భాషా చరిత్ర చూసేవాళ్ళు మాత్రం 'దం' అంటే ఇల్లు అంటారు. ఋగ్వేదంలో దంపతి ఏకవచనంలో ఇంటి యజమాని. నేను రెండోవాళ్ళ పక్షం. భర్త కూడా ఇబ్బంది పెట్టదు, మూలంలో భరించేవాడు, పోషించేవాడు. చిక్కంతా మొగుడితోనే. 'వాడికి మొగుడు వీడు' అంటే తెలుగులో వాణ్ణి మించినవాడని. మీరు కన్నీళ్ళతో రాసిన చోట పాఠకుడు ఫక్కున నవ్వే ప్రమాదం ఉంది. 'అతని పెనిమిటి' అనండి.

ఒకరినొకరు ఏమని పిలుచుకుంటారో మీరు అడగలేదు గానీ చెప్తాను. బావా అని. మేనత్త కొడుకులూ మేనమామ కొడుకులూ, అక్క మొగుడూ ఆమె తమ్ముడూ ఎలాగూ బావా అనే పిలుచుకుంటారు. పగ ఉన్న రోజుల్లో ఎకసెక్కానికి అన్న 'బావా'నే తర్వాత ఇంకో గొంతుతో అనిపించవచ్చు. పెండ్లిలో ఇద్దరు పెండ్లికొడుకులు, రెండు వైపులా మగపెండ్లివారే. విడిదింట్లో ఎవరికి ఎవరు మర్యాద చేయాలో అన్న తగువుకే ఒక అధ్యాయం పడుతుంది.

అతను, అది. ఈ ప్రశ్న దగ్గర రెండు రోజులు ఆగిపోయాను. చిన్నయసూరి బాలవ్యాకరణం లెక్కలో స్త్రీలు, తిర్యక్కులు, జడాలు కానివి మహత్తులు, అంటే 'వచ్చాడు' అనిపించుకునేవి. తిర్యక్కులంటే పశుపక్ష్యాదులు. కాబట్టి మామ వచ్చాడు. అత్త, ఆవు వచ్చింది. (అత్తను ఆవు గట్టున కట్టేసిన ఈ ఏర్పాటు మీద నాకున్న కోపం ఇంకోసారి.) మీ నాయకుడు రూపు మారిన ప్రతిసారీ వ్యాకరణంలో కూడా గట్టు దాటుతున్నాడు. నీతిచంద్రికలో ఎలుకకు హిరణ్యకుడని పేరుంది. జాంబవంతుడు, గరుత్మంతుడు 'వచ్చాడు' అనే అంటాం. కానీ వాళ్ళంతా మాట్లాడే జంతువులు. మీ చిరుత మాట్లాడదు. అందుకని చూసే కంటిని బట్టి క్రియ మార్చండి. ఇలా:

'అతను అరుగు మీంచి దూకాడు. నేల తాకేసరికి నాలుగు కాళ్ళున్నాయి. అది చింతతోపులోకి పోయింది. పోయినాడు, అనుకున్నాడు గడపలో నిలబడ్డవాడు.'

కోట కాపలావాడికి చివరిదాకా 'అది'నే ఉంచండి. సంఖ్య దగ్గర కూడా జాగ్రత్త. మనుషులు ఇద్దరు, జంతువులు రెండు. మనిషీ చిరుతా పక్కపక్కన కొండ దిగుతుంటే కాపలావాడు 'ఒక మనిషి, ఒక చిరుత' అని విడివిడిగా లెక్కపెడతాడు. ఆ మనిషి మాత్రం చిరుత మెడ మీద చెయ్యేసి 'తెల్లారిపోతాంది, పోదాం పా మనిద్దరం' అంటాడు. 'మేమిద్దరం' అని రాయకండి, వింటున్నవాడు అందులో ఉండడు.