కెమెరా కొనేముందు పదిమందికి పాఠం చెప్పండి

ప్రశ్న: డిగ్రీ ఫైనల్ ఇయర్ చదువుతున్నాను. ఎక్సెల్ బాగా వచ్చు, ఫ్రెండ్స్‌కు నేనే నేర్పాను. ఆన్‌లైన్ కోర్సు చేసి అమ్మాలని ఉంది. కెమెరా, లైట్లు కొనిపెట్టమని నాన్నను అడగనా? కోర్సు ఎక్కడ పెట్టాలి? దీన్నే కెరీర్‌గా తీసుకోవచ్చా?

జవాబు: కెమెరా మాట ఇప్పుడే ఎత్తకండి. ఎక్సెల్ పాఠంలో కనపడాల్సింది మీ స్క్రీన్, మీ ముఖం కాదు. స్క్రీన్ రికార్డింగ్‌కు ఓబీఎస్ స్టూడియో, ఆడియో సరిచేసుకోవడానికి ఆడాసిటీ సరిపోతాయి. రెండూ ఉచితమే. అడగాలనే ఉంటే ఒక మైక్ అడగండి. మాట సరిగ్గా వినపడకపోతే పాఠం ఎంత బాగున్నా ఎవరూ చూడరు.

'ఎక్సెల్ ఎ టు జెడ్' లాంటి కోర్సు మాత్రం వద్దు. అలాంటివి ఉచితంగానే బోలెడున్నాయి. మీ ఫ్రెండ్స్ ఎక్కడ తడబడ్డారో గుర్తు తెచ్చుకోండి. రెండు షీట్లలోనూ అదే పేరు ఉంటుంది, అయినా ఒక షీట్‌లోని వివరాన్ని వెతికి ఇంకో షీట్‌లోకి తెచ్చే వీలుకప్ ఫార్ములా 'ఎన్/ఏ', అంటే దొరకలేదు, అంటుంది. తల బద్దలు కొట్టుకున్నాక తెలుస్తుంది, పేరు చివర కంటికి కనపడని స్పేస్ ఒకటి ఉందని. ట్రిమ్ ఫార్ములా వేస్తే పోతుంది. ఈ ఒక్క ముడి విప్పే మూడు నిమిషాల వీడియోను యూట్యూబ్‌లో ఉచితంగా పెట్టండి. 'రండి, నేర్చుకోండి' అనే పోస్టర్లకన్నా నాకు దానిమీదే నమ్మకం.

రికార్డింగ్‌కు ముందు పదిమందిని పోగేసి జూమ్‌లో లైవ్‌గా చెప్పండి. వాళ్లు మళ్లీ మళ్లీ అడిగినవే మీ సిలబస్. పదిమంది కూడా దొరకలేదంటే టాపిక్ మార్చుకోవాలి. రికార్డు చేశాక తెలిసేకన్నా ఇప్పుడే తెలియడం నయం. వీడియోలు చిన్నవిగా ఉంచండి. ఎడ్‌ఎక్స్ అనే వెబ్‌సైట్‌లోని ఆన్‌లైన్ కోర్సుల మీద 2014లో వచ్చిన ఒక అధ్యయనం 69 లక్షల వీక్షణలను పరిశీలించింది. ఆరు నిమిషాలలోపు వీడియోలనే జనం బాగా చూశారని తేలింది. ప్రతి పాఠం తర్వాత గూగుల్ ఫామ్స్‌లో చిన్న క్విజ్ పెట్టండి.

ఎక్కడ పెట్టాలంటారా? కోర్సెరా ప్రధానంగా యూనివర్సిటీలు, కంపెనీలతో పనిచేస్తుంది, కాబట్టి దాన్ని పక్కన పెట్టండి. యుడెమీలో ఎవరైనా పెట్టవచ్చు. కనీసం 30 నిమిషాల వీడియో, 5 పాఠాలు ఉండాలి. అక్కడి లెక్క చూడండి: మీ లింక్ లేదా కూపన్‌తో అమ్ముడైతే మీకు 97 శాతం, వాళ్ల సెర్చ్‌లో దొరికి కొంటే 37 శాతం. మనిషిని తెచ్చినవాడికే ఎక్కువ వాటా అన్నమాట. టీచబుల్ లాంటివాటిలో సొంత పేజీ, సొంత ధర పెట్టుకోవచ్చు గానీ జనాన్ని తెచ్చుకునే బాధ్యత పూర్తిగా మీదే.

ఇక కెరీర్ సంగతి. ఉద్యోగాలకు అప్లై చేయడం ఆపకండి. కోర్సు ఒకసారి పెట్టి మర్చిపోయేది కాదు. సాఫ్ట్‌వేర్ మెనూ మారితే మళ్లీ రికార్డు చేయాలి, డౌట్లకు జవాబులివ్వాలి. అవి వీకెండ్స్‌లో చేసుకోవచ్చు. పైగా ఆఫీసులో రోజూ ఎదురయ్యే తలనొప్పులు కాలేజీలో కూర్చుని ఊహిస్తే రావు. మీ రెండో కోర్సుకు సరుకు అక్కడే దొరుకుతుంది.