అడగండి చెబుతాం: వాడ్‌విల్ హాస్యనటి గ్రేసీ అలెన్

ప్ర: పాత అమెరికన్ హాస్యనటుల గురించి చదువుతుంటే ‘వాడ్‌విల్ నుంచి వచ్చిన గ్రేసీ అలెన్’ అని కనిపించింది. వాడ్‌విల్ అంటే నాటకమా, సర్కసా? (తెనాలి పాఠకురాలు)

జ: రెండూ కాదు గానీ రెండూ కాస్త కాస్త ఉండే పాతకాలపు అమెరికన్ రంగస్థల వినోదం. ఒకే టికెట్టు మీద ఎనిమిదో తొమ్మిదో విడివిడి ఐటమ్‌లు. ఒకదానికీ ఇంకోదానికీ కథాపరంగా సంబంధం ఉండదు, కానీ వరసకి మాత్రం గట్టి పద్ధతి ఉంది. మొదటి ఐటమ్‌లో మాటలు పెట్టరు. ఫీట్లో, కుక్కల ఆటో వేస్తారు. జనం ఇంకా సీట్లు వెతుక్కుంటుంటారు, జోకు వేసినా ఎవరికీ వినపడదు. పెద్ద తార వచ్చేది చివరి నుంచి రెండోదిగా. ఆఖరి ఐటమ్ పాపం సగం మంది లేచి వెళ్తుండగా నడుస్తుంది.

పెద్ద సెట్టున్న ఐటమ్ అయిపోయాక వెనక సామాను మార్చాలి కదా. అప్పుడు ముందు తెర దించేస్తారు. దాని ముందు మిగిలిన ఇరుకు జాగాలో ఇద్దరు నిలబడి కబుర్లు చెబుతారు. గ్రేసీ, ఆమె భర్త జార్జ్ బర్న్స్ చేసింది ఇదే రకం ఐటమ్. సెట్టు లేదు, మైకు లేదు. తెర వెనక సామాను ఈడుస్తున్న చప్పుడు మధ్యలో పావుగంట లోపు నవ్వించి వెళ్ళాలి. పెద్ద థియేటర్లలో రోజుకి రెండాటలు, చిన్నవాటిలో మూడు మొదలు ఎన్నైనా.

ప్ర: ఆవిడ మొదటినుంచీ హాస్యనటేనా? (హైదరాబాద్ పాఠకుడు)

జ: కాదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఐరిష్ కుటుంబంలో పుట్టి, అక్కలతో కలిసి ఐరిష్ నాట్యాలు చేసింది. తర్వాత చేరిన బృందంలో పోస్టరు మీద తన పేరు వెయ్యకపోతే బయటికొచ్చేసి, న్యూయార్క్‌లో సెక్రటరీ పని నేర్చుకోవడానికి చేరింది. 1920ల మొదట్లో బర్న్స్ పరిచయమయ్యాడు.

ఇద్దరూ జోడీ కట్టినప్పుడు జోకులన్నీ బర్న్స్‌వి, ప్రశ్నలు అందించడం గ్రేసీ పని. తీరా చూస్తే జనం ఆమె ప్రశ్నలకే నవ్వారు, ఆయన జవాబులకి నవ్వలేదు. బర్న్స్ ఆలస్యం చెయ్యకుండా పాత్రలు తిరగేశాడు. తన జోకులు తనే వదులుకునే హాస్యగాళ్ళు అరుదు, ఆ ఒక్క నిర్ణయానికి ఆయన్ని మెచ్చుకోవాలి. 1926 జనవరి 7న క్లీవ్‌లాండ్‌లో పెళ్ళి చేసుకున్నారు.

ప్ర: కాలేజీ స్కిట్లలో తింగరి పాత్ర వేస్తుంటాను. జనం మొహమాటానికి నవ్వుతున్నారు. గ్రేసీ పద్ధతి చెప్పగలరా? (విజయనగరం విద్యార్థిని)

జ: మీరు బహుశా తింగరితనాన్ని నటిస్తున్నారు. కళ్ళు తిప్పడం, గొంతు సాగదీయడం, మాట అన్నాక ‘ఎలా ఉంది’ అన్నట్టు జనం వైపు చూడడం. గ్రేసీ ఇవేవీ చేసేది కాదు. తను చెప్పేది నూటికి నూరుపాళ్ళు సబబే అన్న నమ్మకంతో, ఎదుటివాడికే అర్థం కావట్లేదన్న జాలితో చెప్పేది.

రాతలో కిటుకు ఏమిటంటే, మొదటి మెట్టు ఒక్కటే తప్పు. ఆ తర్వాత మెట్లన్నీ లెక్క ప్రకారమే ఉండాలి. తెలుగులో ఒకటి కట్టి చూద్దాం:

‘మీ తమ్ముడు మూడేళ్ళుగా ఇంట్లోనే ఉంటున్నాడటగా?’
‘అవునండీ, సెలవు పెట్టాడు.’
‘మూడేళ్ళు సెలవా! ఆఫీసువాళ్ళు ఊరుకున్నారా?’
‘ఊరుకోక ఏం చేస్తారు, వాడింకా చేరందే!’

మూడో మాట చూడండి. అది జోకు కాదు, అయినా అది లేకపోతే నాలుగోది పేలదు. ‘మూడేళ్ళు సెలవా’ అని ఎదుటివాడు తిరిగి అనడం వల్ల వెనక వరసవాడికి కూడా విషయం అందుతుంది. ఈ పని బర్న్స్‌ది. చేతిలో చుట్ట ఉండేది. నవ్వు నడుస్తున్నంతసేపూ దమ్ము లాగుతూ ఉండేవాడు. నవ్వు హోరుమంటుండగా తర్వాతి మాట అంటే నవ్వూ తెగుతుంది, మాటా పోతుంది. పూర్తిగా చల్లారేదాకా ఆగితే మళ్ళీ మొదటినుంచి వేడెక్కించాలి. నవ్వు దిగడం మొదలైన క్షణంలో అందుకోవాలి. మీ స్కిట్‌లో జతగాణ్ణి ముందు సరిచూసుకోండి, సగం జబ్బు అక్కడే ఉంటుంది.

ఇంకో కష్టం బట్టీ పట్టడం. మామూలు సంభాషణలో ప్రశ్న గుర్తుంటే జవాబు తన్నుకొస్తుంది. గ్రేసీ జవాబులకి ప్రశ్నతో పొంతన ఉండదు కాబట్టి ఆ ఆసరా లేదు. టీవీ రోజుల్లో వారంలో చాలా భాగం ఆమెకి ఈ కంఠస్థంతోనే సరిపోయేది.

ప్ర: రంగస్థలం మీద అంత పేరున్నవాళ్ళు రేడియోకి ఎందుకు వెళ్ళారు? (వరంగల్ పాఠకుడు)

జ: సినిమా వచ్చి వాడ్‌విల్‌ని తినేసింది. న్యూయార్క్‌లోని ప్యాలెస్ థియేటర్ అంతటిది 1932లో సినిమా హాలైపోయింది. అదే ఏడాది వీళ్ళు సీబీఎస్ రేడియోలో చేరారు. అసలు తేడా సరుకులో ఉంది. వాడ్‌విల్‌లో ఊరూరా తిరుగుతూ ఒకే పావుగంట ఐటమ్‌ని ఏళ్ళ తరబడి వాడుకోవచ్చు. రేడియోలో ఒక్క రాత్రిలో దేశమంతా వినేస్తుంది, వచ్చే వారానికి అంతా కొత్తది కావాలి. అందుకే రచయితల బృందాన్ని పెట్టుకోవాల్సి వచ్చింది.

ప్రచారానికీ తక్కువ చెయ్యలేదు. 1933లో ‘తప్పిపోయిన మా అన్నయ్య’ అంటూ గ్రేసీ వేరేవాళ్ళ కార్యక్రమాల్లోకి కూడా దూరి వెతికింది. నిజం అన్నయ్య శాన్‌ఫ్రాన్సిస్కోలో అకౌంటెంటు, ఆ గోల పడలేక కొన్నాళ్ళు దాక్కోవాల్సి వచ్చిందట. 1940లో ‘సర్‌ప్రైజ్ పార్టీ’ పేరుతో ఉత్తుత్తి అధ్యక్ష అభ్యర్థి అయింది, పార్టీ గుర్తు కంగారూ.

1940ల మొదట్లో శ్రోతలు తగ్గారు. కారణం బర్న్సే కనిపెట్టాడు: పెళ్ళై పిల్లలున్నవాళ్ళు రేడియోలో ఇంకా ప్రేమికుల్లా సరసాలాడుతున్నారు. భార్యాభర్తలుగా మార్చగానే పుంజుకుంది. 1950లో అదే సంసారం టీవీకెక్కింది.

ప్ర: కార్యక్రమం చివర్లో బర్న్స్ ‘సే గుడ్‌నైట్, గ్రేసీ’ (గుడ్‌నైట్ చెప్పు, గ్రేసీ) అంటే ఆవిడ ‘గుడ్‌నైట్, గ్రేసీ’ అనేదట, నిజమేనా? (డాలస్ పాఠకుడు)

జ: కాదు. ఆమె ‘గుడ్‌నైట్’ అని ఊరుకునేది. పేరు కూడా కలిపి చెప్పే జోకు 1960ల చివర్లో రోవన్, మార్టిన్‌ల టీవీ కార్యక్రమం వల్ల పాపులర్ అయింది.

ప్ర: బాగా నడుస్తుండగానే మానేసిందంటారు. ఎందుకు? (రాజమండ్రి పాఠకురాలు)

జ: గుండె జబ్బు, తీవ్రమైన తలనొప్పి. 1958లో విరమించుకుంది, 1964 ఆగస్టు 27న కన్నుమూసింది. ఆమె మానేశాక బర్న్స్ దాదాపు అదే బృందంతో తన ఒక్కడి పేరు మీద కార్యక్రమం నడిపాడు. ఒక్క సీజన్‌కే ఆగిపోయింది. రాత బలమే అంతా అనేవాళ్ళు దీనికి జవాబు చెప్పాలి.

ప్ర: ఒక్కటే చూడాలంటే ఏది చూడాలి? (అదే పాఠకురాలు)

జ: 1929లో వైటాఫోన్ తీసిన ‘ల్యాంబ్‌చాప్స్’. జబ్బు పడిన మరో హాస్యనటుడు ఫ్రెడ్ అలెన్ బదులు వీళ్ళని పిలిచి తీశారు. వాడ్‌విల్ ఐటమ్‌నే కెమెరా ముందు పెట్టిన చిన్న చిత్రం, పది నిమిషాలు కూడా ఉండదు. మొదటిసారి గ్రేసీని చూడండి, రెండోసారి బర్న్స్‌ని మాత్రమే చూడండి.