నాన్న కెమెరా, కొండ మీద ఇల్లు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మన్యం నుంచి వచ్చినవే ఎక్కువ. అన్నీ ఒకే దారిలో ఉన్నాయి కాబట్టి కలిపి జవాబిస్తున్నాను.

ప్రశ్న: నేను నర్సును. ఆరు నెలల కిందట చింతపల్లి దగ్గర ఒక ఊరికి బదిలీ అయింది. సిల్వర్ ఓక్ చెట్ల మధ్య ఒక పాత రేకుల క్వార్టర్ ఇచ్చారు. మొదట్లో రాత్రిళ్లు భయం వేసేది, ఇప్పుడు సెలవు దొరికినా విశాఖ వెళ్లబుద్ధి కావడం లేదు. మొన్న పండక్కి వెళ్లినప్పుడు బీరువాలో నాన్న పెంటాక్స్ కె1000 కనిపించింది. మా మేనమామ దుబాయ్ నుంచి తెచ్చిచ్చిన కెమెరా అది, తోలు కవరులో అలాగే ఉంది. నాన్న పోయి పదేళ్లయింది. కౌంటరు 17 దగ్గర ఆగి ఉంది. లోపల రీలు ఉందేమో తెలియదు, తెరవడానికి చెయ్యి రావడం లేదు. లెన్సులో సాలెగూడులాంటిది కనిపిస్తోంది. ఇక్కడి తేమలో ఈ కెమెరా బతుకుతుందా?
– ఒక పాఠకురాలు, చింతపల్లి

జవాబు: తెరవకండమ్మా. మీ చెయ్యి రాకపోవడమే మంచిదయింది.

ఆ కెమెరాలో వెనక తలుపు తెరిస్తే కౌంటరు తనంతట తనే మొదటికి వెళ్లిపోతుంది. ఇంకా 17 చూపిస్తోందంటే, ఆ పదిహేడు సార్లు నొక్కిన తర్వాత దాన్ని ఎవరూ తెరవలేదన్నమాట. అయితే రీలు లేకుండా ఊరికే నొక్కినా కౌంటరు కదులుతుంది కాబట్టి ఒక చిన్న పరీక్ష చెయ్యండి. పైన ఎడమ వైపు రీలు చుట్టే బొత్తాం ఉంటుంది, దాని మడత పిడిని విప్పి బాణం గుర్తు చూపించే వైపు మెల్లగా తిప్పండి. కాస్త తిరిగి గట్టిగా పట్టేస్తే లోపల రీలు ఉన్నట్టే, అడ్డూ ఆపూ లేకుండా తిరుగుతూ ఉంటే ఖాళీ. ఉంటే కెమెరా అడుగున ఉన్న చిన్న బొత్తాం నొక్కి, అదే పిడిని ఆగకుండా, తొందరపడకుండా తిప్పుతూ పొండి. చివర్లో ఒకసారి బిగుసుకుని, ఒక్కసారిగా వదులైపోతుంది. ఆ తర్వాత ఇంకో నాలుగు చుట్లు తిప్పి, దుప్పటి కిందో, రాత్రి దీపాలన్నీ ఆర్పేసిన గదిలోనో తలుపు తెరవండి. నేను ఒకసారి తొందరపడి పగటిపూట తెరిచాను. రీలులో చివరగా తీసినవి పై చుట్టులో ఉంటాయి కదా, వెలుతురు ముందు తగిలేది వాటికే, అందులో మా అమ్మమ్మ అరుగు మీద కూర్చున్న రెండు ఫొటోలు పోయాయి. ఇన్నేళ్లయినా ఆ బాధ తగ్గలేదు, అందుకే మీకు ఇంత వివరంగా చెబుతున్నాను.

ఇప్పుడు ఆ రీలును కడిగించడం, అంటే మందులో వేసి బొమ్మలు బయటికి తెప్పించడం. ఒక్కసారి కడిగాక మళ్లీ కడగడం ఉండదు కాబట్టి, ఎక్కడ పడితే అక్కడ ఇచ్చేయకండి. డబ్బా మీద సి-41 అని ఉంటే అది మామూలు కలర్ రీలు. అన్నేళ్లు బీరువాలో, మన ఎండల్లో ఉన్న కలర్ రీలులో రంగులు చాలావరకు చెడిపోయి ఉంటాయి. అలాంటప్పుడు దాన్ని బ్లాక్ అండ్ వైట్ మందులో కడిగితే రంగులు రావు గానీ మనుషుల ముఖాలు దక్కే అవకాశం ఎక్కువ. పాత రీళ్లను చేత్తో కడిగే ల్యాబ్‌ను వెతికి, ముందు ఫోన్‌లో మాట్లాడి, విషయం చెప్పి పంపండి. నెగెటివ్‌లు వెనక్కి పంపాలని కాగితం మీద రాసి పెట్టండి. స్కాన్లు మెయిల్ చేసి నెగెటివ్‌లు పారేసే అలవాటు ఇప్పుడు కొన్ని చోట్ల ఉంది, నాకు ఒక ల్యాబ్ వాళ్లు అలాగే రెండు రీళ్లు పోగొట్టారు.

లెన్సులోని సాలెగూడు బూజు. దానికి కారణం ఆ తోలు కవరే. తోలు తేమను పట్టి ఉంచుతుంది, చీకటి, తేమ, గాలి ఆడకపోవడం మూడూ కలిస్తే బూజుకు అంతకంటే ఏం కావాలి. నాన్నగారి గుర్తుగా కవరును దాచుకోండి, కెమెరాను మాత్రం అందులో పెట్టకండి. లెన్సును విప్పి తుడిచే మెకానిక్‌కే ఇవ్వండి, దూదీ స్పిరిటూ పట్టుకుని ఇంట్లో ప్రయత్నించవద్దు. బూజు పైపైన ఉంటే పూర్తిగా పోతుంది, అద్దం పూతను తినేసి ఉంటే మచ్చ మిగులుతుంది, అయినా ఫొటోలు వస్తాయి, సూర్యుడికి ఎదురుగా తీస్తే కాస్త పొగచూరినట్టు ఉంటాయి, అంతే. తలుపు అంచుల్లో నల్లటి స్పాంజి ఉంటుంది, ఇన్నేళ్లకు అది జిగురై చేతికి అంటుకుంటుంటే అదీ మార్పించండి, లేకపోతే ఫొటోల మీద వెలుతురు చారలు పడతాయి.

తేమలో బతుకుతుందా అన్నారు. బతుకుతుంది. రబ్బరు అంచు ఉన్న గట్టి మూత డబ్బా ఒకటి కొని, అందులో తేమ పీల్చే సిలికా జెల్ గింజల పొట్లాలు, చిన్న తేమ మీటరు పెట్టండి. ముల్లు 40, 50 శాతం మధ్య ఉంటే చాలు. గింజల రంగు మారితే పెనం మీద సన్న సెగన వేడి చేస్తే మళ్లీ పనికొస్తాయి. బియ్యం మాత్రం వెయ్యకండి, పిండి దుమ్ము లోపలికి పోతుంది. అన్నిటికంటే మంచి మందు కెమెరాను వాడటం, వారానికోసారైనా ఎండ చూపించడం.

కె1000 మొదట వచ్చింది 1976లో. మొత్తం స్ప్రింగులూ పళ్లచక్రాలే. అందులో ఉండే ఒక్క బటన్ బ్యాటరీ, వెలుతురు కొలిచే మీటరు ముల్లు కదలడానికే, అది అయిపోయినా ఫొటో పడుతుంది. రెండు రోజులు కరెంటు పోయే ఊళ్లో అది ఎంత ధైర్యమో మీకు నేను చెప్పక్కర్లేదు. ఒక్క సంగతి: దానికి ఆన్, ఆఫ్ స్విచ్ లేదు, లెన్సు మీద వెలుతురు పడినంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. పని అయిపోగానే మూత పెట్టెయ్యండి.

కెమెరా రిపేరుకు వెళ్లి రావడానికి కొన్ని వారాలు పడుతుంది. ఆ వారాలు మీ ఇంటిని చూస్తూ ఉండండి. కొండ చాటు నుంచి ఎండ మీ గుమ్మానికి ఎన్నింటికి చేరుతుంది, మంచు ఎన్నింటికి లేస్తుంది, వాన వెలిశాక ఏ కిటికీలో వెలుతురు నిలుస్తుంది, ఇవి ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. మీ దగ్గర అక్టోబరు, నవంబరుల్లో వలిసె చేలు పసుపు పచ్చగా విరగబూస్తాయి, ఆ వెనకే కాఫీ పండ్లు ఎర్రబడతాయి, వేసవి మొదట్లో ఒక వాన పడితే కాఫీ తోటంతా తెల్లగా పూసి మల్లెల్లా వాసన వేస్తుంది. ఒకే కెమెరా, ఒకే లెన్సు, ఒకే రకం రీలుతో ఒక ఏడాదంతా ఆ ఒక్క ఊరినే తీస్తే మీకు తెలిసేది, పది ఊళ్లు తిరిగితే తెలియదు. నేను ఈ మాట ఊరికే అనడం లేదు, ఒక చెరువుగట్టు మీద రెండేళ్లు గడిపాకే నాకు వెలుతురంటే ఏమిటో తెలిసింది.

ఇంకొకటి, ఇది కెమెరా గురించి కాదు. చలికాలంలో తలుపులన్నీ మూసి బొగ్గుల కుంపటి పక్కన పెట్టుకుని పడుకోకండి. ఆ విషవాయువుకు వాసన ఉండదు. నర్సు కాబట్టి మీకు తెలిసే ఉంటుంది, అయినా చెప్పకుండా ఉండలేను.

ప్రశ్న: పాడేరులో టీచర్‌ని. లంబసింగి మంచును రీలు మీద నాలుగుసార్లు తీశాను. కంటికి పాలలా కనిపించిన మంచు ఫొటోలో బూడిదలా వస్తోంది. చెట్ల కింద తీసినవి నీలంగా ఉంటున్నాయి. కెమెరా చెడిందా?

జవాబు: కెమెరా బాగానే ఉంది. మీటరుకు తెల్లది, నల్లది అనే తేడా తెలియదు, ఏది చూపించినా మధ్యస్థంగా బూడిద రంగులో ఉందనుకుని లెక్క చెబుతుంది. మంచు చూపిస్తే మంచునీ బూడిద చేస్తుంది. కాబట్టి మీటరు చెప్పినదానికి ఒక స్టాప్ ఎక్కువ వెలుతురు, అంటే రెట్టింపు, ఇవ్వండి, బాగా దట్టంగా ఉంటే ఒకటిన్నర. లెక్కలు వద్దనుకుంటే మంచు ఉన్నంతసేపూ రీలు స్పీడు డయల్‌ను 400 నుంచి 200కు తిప్పి పెట్టుకోండి, మంచు లేచాక మళ్లీ 400కు తెచ్చెయ్యండి. నెగెటివ్ రీలు ఎక్కువ వెలుతురును ఓర్చుకుంటుంది, తక్కువైతేనే నీడల్లో ఏమీ మిగలదు. ఇంకో మాట, మంచును ఒక్కదాన్నే తీస్తే మంచు కనిపించదు. దగ్గరగా ఒక నల్లటి మాను, ఒక మనిషి, ఒక ఎడ్లబండి ఉంటేనే దాని వెనక మంచు ఎంత లోతుగా ఉందో కంటికి తెలుస్తుంది.

కలర్ రీళ్లు పగటి ఎండకు తయారైనవి. నీడలో పడేది ఆకాశపు వెలుతురు, అందులో నీలం ఎక్కువ. స్కాన్ చేసేవాళ్లకు చెబితే సరిచేస్తారు, లేదంటే లేత పసుపు ఛాయ ఉన్న 81ఎ ఫిల్టర్ లెన్సుకు తగిలించండి. నన్నడిగితే ఆ చెట్ల కిందికి బ్లాక్ అండ్ వైట్ 400 రీలే తీసుకెళ్లమంటాను.

ప్రశ్న: అరకు దగ్గర అద్దె గదిలో ఉంటున్నాను. రీళ్లు కొరియర్‌లో పంపి మూడు వారాలు ఎదురుచూడటం కష్టంగా ఉంది. డార్క్ రూమ్ లేకుండా ఇంట్లో కడగొచ్చా? ఎర్ర బల్బు సరిపోతుందా?

జవాబు: ఎర్ర బల్బు ఫొటో కాగితానికి, రీలుకు కాదు. రీలుకు ఎర్ర వెలుతురు కూడా పనికిరాదు. చేతులు దూర్చే నల్ల సంచి ఒకటి, వెలుతురు చొరబడని కడిగే డబ్బా ఒకటి కొంటే చాలు. రీలును సంచిలో పెట్టి డబ్బాలోకి ఎక్కించి మూత బిగిస్తే మిగతా పనంతా వరండాలో, పట్టపగలు చేసుకోవచ్చు. ముందు ఒక పాడు రీలు తీసుకుని కళ్లు మూసుకుని పదిసార్లు ఎక్కించడం నేర్చుకోండి, అసలు కష్టం అక్కడే.

బ్లాక్ అండ్ వైట్‌తో మొదలుపెట్టండి. కలర్‌కు మందు దాదాపు 38 డిగ్రీల దగ్గర కదలకుండా ఉండాలి, మీ చలిలో అది పెద్ద టెన్షన్. బ్లాక్ అండ్ వైట్‌కు 20 డిగ్రీలు చాలు. విజయవాడలో వేసవిలో నీళ్లలో ఐసు ముక్కలు వేసి 20కి దించాలి, మీరు డిసెంబరులో కెటిల్‌తో వేడి చేసి 20కి తేవాలి. ఇల్‌ఫర్డ్ హెచ్‌పి5 ప్లస్ రీలును ఐడి-11 మందు ఒక వంతు, నీళ్లు ఒక వంతు కలిపి 20 డిగ్రీల దగ్గర కడిగితే 13 నిమిషాలు. నీళ్లు చల్లబడితే అదే సమయంతో ఆపేయకూడదు, ఇల్‌ఫర్డ్ వాళ్ల పట్టిక ప్రకారం 20 దగ్గర 4 నిమిషాలు పట్టే పని 16 దగ్గర 6 నిమిషాలు పడుతుంది.

బొమ్మ చెరిగిపోకుండా నిలిపే మందు ఫిక్సర్, దాని తర్వాత నీళ్లతో కడగడానికి కుళాయి కింద అరగంట పెట్టనక్కర్లేదు. డబ్బా నింపి అయిదుసార్లు తిరగేసి పారబోయండి, మళ్లీ నింపి పదిసార్లు, మళ్లీ నింపి ఇరవైసార్లు. ఊట నీళ్లు బిందెలతో మోసుకొచ్చే చోట ఈ పద్ధతి దేవుడిచ్చిన వరం. వాడేసిన ఫిక్సర్‌ను మాత్రం గెడ్డలో పొయ్యకండి. అందులో రీలు మీది వెండి కరిగి ఉంటుంది, కింద ఊళ్లవాళ్లు తాగేది ఆ నీళ్లే. క్యానులో పోగుచేసి ఊరికి వెళ్లినప్పుడు ల్యాబ్‌లో ఇచ్చెయ్యండి. రీలును వంటింట్లో ఆరెయ్యకండి, పొయ్యి పొగ, మసి అంటుకుంటాయి. స్నానాల గదిలో కాస్త నీళ్లు చిలకరించి దుమ్ము అణిగాక అక్కడ వేలాడదీయండి.

ప్రశ్న: రిటైరయ్యాను, రాజమహేంద్రవరం. లంబసింగి వైపు పది సెంట్లు కొని చెక్క ఇల్లు కట్టుకుని ఫొటోలు తీసుకుంటూ ఉండాలని ఆశ. గిరిజనేతరులం. కొనొచ్చా?

జవాబు: కొనకూడదండీ. అది షెడ్యూల్డ్ ప్రాంతం. 1959 నాటి భూబదలాయింపు నిబంధనను 1970లో సవరించాక, మనం 1/70 అని పిలిచే ఆ చట్టం ప్రకారం అక్కడి భూమి గిరిజనేతరుల చేతికి మారకూడదు. ఎవరో ఒకరి పేరు మీద రాయిద్దామని దళారులు చెబుతారు, అందులో మీ డబ్బు పోయే సంగతి అటుంచి ఒక గిరిజన కుటుంబం భూమి పోతుంది. మారేడుమిల్లిలో అటవీ శాఖ, స్థానిక గిరిజనులు కలిసి నడిపే కాటేజీలున్నాయి. కాలానికోసారి వెళ్లి వారం చొప్పున ఉండండి, అడవి అంతకంటే తక్కువేమీ ఇవ్వదు.

ప్రశ్న: సంతలో గిరిజన మహిళలను ఫొటో తీయాలని ఉంటుంది, కానీ టూరిస్టులు ముఖాల మీదికి ఫోన్లు పెట్టడం చూసి నాకే సిగ్గేసింది. ఎలా అడగాలి?
– డిగ్రీ విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: ముందు సరుకు కొనండి, కూర్చుని మాట్లాడండి, కెమెరాను ఒళ్లో కనిపించేలా పెట్టుకోండి. రెండో వారం అడగండి. వద్దంటే వద్దే, మళ్లీ అడగొద్దు. ఒప్పుకుంటే ఒకటో రెండో తీసి, ఆ ఫొటో మళ్లీ వాళ్ల చేతికి చేర్చండి. మన ఇళ్లలో తాతల కాలపు స్టూడియో ఫొటోలు ఇంకా గోడ మీద ఉన్నాయి. ఊటీలో హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ వాళ్లు ‘ఇందు’ పేరుతో రీళ్లు, కాగితం తయారుచేసిన రోజులవి కొన్ని. ఇప్పుడు లక్షల ఫోన్లు వాళ్లను తీసుకుపోతున్నాయి, ఒక్క కాగితమూ తిరిగి రావడం లేదు. నేను ఒక ముసలమ్మకు ఫొటో ఇచ్చినప్పుడు ఆవిడ చాలాసేపు చూసి, ‘మా ఆయన ఉన్నప్పుడు ఎవరైనా ఇలా తీసిచ్చి ఉంటే’ అంది.

ఇచ్చేది ఫ్రేమ్ కట్టించి ఇస్తున్నట్టయితే, అద్దానికీ ఫొటోకూ మధ్య చుట్టూ అట్ట అంచు పెట్టమని షాపులో గట్టిగా చెప్పండి. మన్యం తేమకు ఫొటో అద్దానికి అతుక్కుపోతుంది, తియ్యబోతే ముఖం ఊడి వస్తుంది.